అయ్యప్ప దీక్షలో ‘స్వామి’ అనే పిలుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కార్తీకం దగ్గరపడగానే మాల వేసుకున్నవాళ్లు కలిసి పూజలు చేసుకునే మా పీఠానికి ఫోన్లు మొదలవుతాయి. స్నానాలు, భోజనాల నియమాల గురించి అడిగేవాళ్లు కొందరే. ఎక్కువమంది ‘స్వామి’ అనే మాట దగ్గరే ఆగిపోతారు. ఎవరిని అనాలి, ఎవరిని అనకూడదు, ఇంట్లో నాన్నను ఏమనాలి, మాల తీశాక ఏం చేయాలి? చూడ్డానికి చిన్న మాటే, కానీ దీక్షలో రోజుకు వందసార్లు నోట్లోంచి వచ్చే మాట ఇదే. మాది గుంటూరు జిల్లా. మా వైపు పీఠాల్లో పాటించేది, దీక్షలో మమ్మల్ని నడిపించే మా పెద్ద గురుస్వామి దగ్గర నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చిన్న చిన్న విషయాల్లో మీ గురుస్వామి చెప్పింది వేరుగా ఉంటే అదే పాటించండి.

## మాల వేసుకునే ముందు

మాల వేసుకున్నవాళ్లు ఒకరినొకరు ‘స్వామి’ అని ఎందుకు పిలుచుకుంటారు?

అయ్యప్ప పేరే అది కాబట్టి. మెడలో మాల పడిన క్షణం నుంచి భక్తుడిలో స్వామే ఉన్నాడని భావించి, దేవుణ్ణి పిలిచిన పేరుతోనే మనిషినీ పిలుస్తారు. శబరిమల సన్నిధానంలో గుడి ముందు పెద్ద అక్షరాలతో ‘తత్త్వమసి’ అని రాసి ఉంటుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పిన మాట అది. ‘అది నువ్వే’ అని అర్థం. 41 రోజులు కష్టపడి, కొండెక్కి, 18 మెట్లూ ఎక్కిన మనిషికి పైన కనిపించే మాట ‘నువ్వు వెతుక్కుంటూ వచ్చింది నువ్వే’ అని. ఊళ్లో ఉన్నప్పుడే ‘స్వామీ’ అని పిలిచి మనవాళ్లు దాన్ని రోజూ సాధన చేయిస్తున్నారు. ఆ పిలుపుతో పేరు పోతుంది. పేరుతోపాటు పేరు చివర ఉండే కులమూ పోతుంది.

అసలు ‘స్వామి’ అంటే అర్థం ఏమిటి? దేవుడా, సన్యాసా, యజమానా?

మూడూ. ‘స్వ’ అంటే తనది. తనది అని చెప్పుకోదగ్గది ఉన్నవాడు స్వామి. పాణిని ఈ మాటకు విడిగా ఒక సూత్రమే రాశాడు: ‘స్వామిన్నైశ్వర్యే’. ఐశ్వర్యం, అంటే అధికారం ఉన్నవాడనే అర్థంలో ఈ మాట ఏర్పడుతుందని దాని సారం. రాజ్యానికి ఉండే అంగాలు చెబుతూ అమరకోశం ముందుగా ‘స్వామి’ అంటుంది, అక్కడ అర్థం రాజు. భూస్వామి, స్వామిద్రోహం అన్నప్పుడు యజమాని. వెంకటేశ్వరస్వామి అన్నప్పుడు దేవుడు. సన్యాసిని స్వామి అన్నప్పుడు తన ఇంద్రియాలకు తానే యజమాని అయినవాడు. దీక్షలో ఉన్నవారికి నాకు నచ్చే అర్థం ఇదే. ఈ 41 రోజులూ నాలుక మీద, కోపం మీద, నిద్ర మీద మనదే పెత్తనం కావాలి.

మామూలు మనిషిని దేవుడి పేరుతో పిలవడం తప్పు కాదా?

తప్పు కాదు. పిల్లలకు రాముడు, శివుడు అని పేర్లు పెట్టుకుని రోజూ పిలవడం మనకు అలవాటే. కాకపోతే ఇక్కడ ఒక తేడా ఉంది. పేరు పుట్టుకతో వస్తుంది. ‘స్వామి’ అనే పిలుపు నియమంతో వస్తుంది, నియమం ఉన్నంతకాలమే ఉంటుంది. పైగా అది పిలిపించుకునేవాడి గొప్పను చెప్పే మాట కాదు. ‘మీలో ఉన్న స్వామిని నేను గుర్తుపట్టాను’ అని పిలిచేవాడు చెప్పే మాట. అందుకే దీక్షలో ఉన్న ఏ స్వామీ తనను తాను ‘నేను ఫలానా స్వామిని’ అని పెద్దగా చెప్పుకోడు, ఎదుటివారిని మాత్రం నోరారా పిలుస్తాడు.

మాల ఎవరు వేస్తే స్వామి అవుతాం? గురుస్వామే వేయాలా?

గురుస్వామి వేయడం మామూలుగా జరిగేది. ఆయన అందుబాటులో లేకపోతే గుడిలో అర్చకుడు వేస్తారు. కన్నతల్లి చేతుల మీదుగా వేయించుకునేవారూ ఉన్నారు, అది ఎంతో మంచిదని మా పెద్దలు అంటారు. మాల మెడలో పడగానే అక్కడున్నవాళ్లంతా ‘స్వామియే శరణమయ్యప్ప’ అంటారు. ఆ తర్వాత మిమ్మల్ని పలకరించే మొదటి మాటే ‘స్వామీ’.

నేను మాల వేసుకోవడం లేదు, వాళ్లతో కలిసి శబరిమల మాత్రం వెళ్తున్నాను. నన్నూ స్వామి అంటారా?

అంటారు. దారిలో అందరూ స్వాములే. మన తెలుగు బృందాల్లో మాల లేకుండా వచ్చేవాళ్లను ‘సివిల్’ అని, కొందరు ‘సివిల్ స్వామి’ అని అంటుంటారు. తక్కువ చేయడానికి అన్నది కాదు, ఎవరికి భిక్ష (భోజనం) విడిగా పెట్టాలి, ఎవరు 18 మెట్లు ఎక్కుతారు అని లెక్క తెలియడానికి. పూజసామాను మూట అయిన ఇరుముడి తలమీద లేనివారు ఆ మెట్లు ఎక్కరు, పక్కదారిన వెళ్లి దర్శనం చేసుకుంటారు.

## మాల వేసుకున్న మొదటి రోజుల్లో

నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. నన్ను ‘కన్నెస్వామి’ అంటున్నారేంటి?

తెలుగులో కన్నె అంటే పెళ్లికాని పిల్ల, అందుకే ఈ తికమక. ఇక్కడి ‘కన్నె’ తమిళ, మలయాళాల ‘కన్ని’ నుంచి వచ్చింది. ఆ భాషల్లో మొదటిసారి జరిగేదాన్ని కూడా ‘కన్ని’ అంటారు. మొదటిసారి శబరిమల వెళ్లేవాడు కన్నిస్వామి. మన నోట్లో పడి కన్నెస్వామి అయింది. 70 ఏళ్ల తాతగారు మొదటిసారి మాల వేసుకున్నా కన్నెస్వామే. గుంపులో కన్నెస్వామికి ఉండే ముద్దు మరెవరికీ ఉండదు, సంతోషంగా పిలిపించుకోండి.

కన్నె, కత్తి, గంట, గద... ఈ పేర్లేమిటి? అందరినీ ఇలాగే పిలవాలా?

ఎన్నోసారి యాత్ర చేస్తున్నారో చెప్పే గుర్తులు ఇవి. తెలుగు పీఠాల్లో మొదటి ఏడు కన్నెస్వామి, రెండో ఏడు కత్తిస్వామి, మూడో ఏడు గంటస్వామి, నాలుగో ఏడు గదస్వామి, ఐదో ఏడు పేరుస్వామి (పెరుస్వామి అని కూడా అంటారు), ఆరో ఏడు గురుస్వామి అని లెక్క. పూజలో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు ఏ పని చూడాలి అన్నచోట ఈ వరస పనికొస్తుంది. మాటల్లో మాత్రం అందరికీ ఒట్టి ‘స్వామీ’ చాలు. ‘గదస్వామీ, ఇటు రండి’ అని పిలవడం నేనైతే వినలేదు. కన్నెస్వామి, గురుస్వామి, ఈ రెండే నిజంగా నోట్లో ఆడే మాటలు.

నాకంటే పదేళ్లు చిన్నవాడు మా గురుస్వామి. అతన్ని ‘గురుస్వామీ, మీరు’ అనాలా?

అనాలి. దీక్షలో వయసు మాల లెక్కతోనే. ఆయన కాళ్లకు దండం పెట్టాల్సివచ్చినా వెనకాడకండి, నమస్కారం ఆ మాలకు, ఆయన నడిచిన దారికి. మా పీఠంలో ఒక లారీ డ్రైవరు గురుస్వామి. ఆయన దగ్గర ఒక బ్యాంకు మేనేజరు కన్నెస్వామిగా చేరారు. మొదటి రెండు రోజులు మేనేజరుగారికి ఆ మాట గొంతులోంచి రాలేదు, ‘ఏవండీ’ అనేవారు. మూడో రోజు భిక్ష అయ్యాక విస్తళ్లు ఎత్తడానికి ఇద్దరూ వంగారు. డ్రైవరు ఒక్కొక్క విస్తరినీ మధ్యకు మడిచి, మెతుకు కింద పడకుండా బుట్టలో పెట్టడం చూసి ఆయన ‘గురుస్వామీ, ఎలా మడవాలో చూపించండి’ అన్నారు. అప్పటినుంచి ఆ పిలుపు ఆగలేదు.

ఆరేళ్ల పిల్లాడు మాల వేసుకున్నాడు. వాణ్ణి కూడా ‘మీరు’ అనాలా?

అవును. చిన్నపిల్లల్ని ‘మణికంఠస్వామి’ అనడం మన దగ్గర అలవాటు. అయ్యప్ప బాలుడిగా పందళం రాజు ఇంట పెరిగినప్పటి పేరు మణికంఠుడు. ‘మణికంఠా, రండి, భిక్షకు కూర్చోండి’ అని పెద్దవాళ్లు పిలుస్తుంటే ఆ పిల్లాడు నడుం నిటారుగా పెట్టుకుని కూర్చోవడం చూడాలి. వాడి వయసుకు ఆ గౌరవం బరువు కాదు, సరదా. ఆకలేస్తే ఏడుస్తాడు, నిద్రొస్తే ఒళ్లో పడతాడు. పిలుపులో మర్యాద ఉంచుతూనే పిల్లాడిని పిల్లాడిలా చూసుకోండి.

ఆడవాళ్లను ఏమని పిలవాలి?

మాల వేసుకున్న బాలికను, పెద్దావిడను ‘మాలికాపురం’ అంటారు. సన్నిధానం పక్కనే కొలువున్న మాలికాపురత్తమ్మ పేరు అది. ఆచారం ప్రకారం పదేళ్లలోపు బాలికలు, యాభై దాటిన స్త్రీలు మాల వేసుకుని యాత్రకు వెళ్తారు. మాల లేని ఆడవాళ్లను, ఏ వయసువారినైనా, దీక్షలో ఉన్నవారు ‘మాతా’ అని పిలుస్తారు. కూరలమ్మే ఆవిడ అయినా, కాలేజీ అమ్మాయి అయినా అదే మాట. మరీ కొత్తగా అనిపిస్తే ‘అమ్మా’ అనండి, చక్కగా సరిపోతుంది.

‘స్వామి శరణం’ ఎప్పుడెప్పుడు అనాలి?

కలిసినప్పుడు, విడిపోయేటప్పుడు, ఫోన్ ఎత్తగానే ‘హలో’ బదులు. కాలు తగిలితే క్షమించమనడానికి బదులు. ఎవరైనా మంచినీళ్లిస్తే థాంక్స్ బదులు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు కూడా. అదే వరసలో మారే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. భోజనం ‘భిక్ష’ అవుతుంది, ‘తిన్నారా’ అనకుండా ‘భిక్ష అయిందా స్వామీ’ అంటారు.

కోపంలో తోటి స్వామిని ‘ఏరా’ అనేశాను. దోషమా?

వెంటనే ‘స్వామి శరణం’ అని చేతులు జోడించండి, అయిపోయింది. దానికోసం మాల తీయాల్సిన పనిలేదు, రాత్రంతా టెన్షన్ పడాల్సిన పనీ లేదు. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ‘స్వామీ’ అంటూనే గొంతులో వెటకారం నింపి కసురుకునేవాళ్లుంటారు. ‘ఏరా’ నోరుజారి వచ్చింది, ఇది తెలిసి అన్నది. స్వామి అని పిలిచాక ఆ వాక్యం మెత్తగానే ముగియాలి.

## ఇంట్లో, ఆఫీసులో

మా నాన్నే నన్ను ‘స్వామీ, మీరు’ అంటుంటే చాలా ఇబ్బందిగా ఉంది. వద్దని చెప్పొచ్చా?

చెప్పకండి, అది ఆయన భక్తి. నాకూ జరిగింది. మొదటిసారి మాల వేసుకున్న మర్నాడు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి వణుక్కుంటూ వచ్చేసరికి వసారాలో మా నాన్న స్టీలు గ్లాసుతో నిలబడి ఉన్నారు. ‘ఒరేయ్’ అన్నది పెదాల దాకా వచ్చి ఆగింది. ‘స్వామీ... పాలు’ అన్నారు. ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి మరీ ఇచ్చారు, ఇంటికొచ్చిన పెద్దలకు ఇచ్చినట్టు. నాకు కళ్లెత్తి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. గ్లాసు కింద పెట్టి ఆయన కాళ్లకు దండం పెట్టుకున్నాను. దీక్షలో ఉన్నా తల్లిదండ్రులకు పాదనమస్కారం చేయాల్సిందే. ఆయన మిమ్మల్ని స్వామి అంటారు, మీకు ఆయన నాన్నే. మీరు ఆయన్ని ‘నాన్నా’ అనే పిలవండి.

భార్య కూడా భర్తను ‘స్వామి’ అనాలా?

మాల మెడలో ఉన్నన్నాళ్లూ అంటారు. ఆయనా భార్యను పేరుపెట్టి పిలవకుండా ‘మాతా’ అనో ‘అమ్మా’ అనో అంటారు. దీక్షలో బ్రహ్మచర్యం ముఖ్య నియమం. ఇద్దరి మధ్య పిలుపు మారితే ఆ నియమం ఇద్దరికీ గుర్తుంటుంది. ఒక్క మాట మగవాళ్లకు: ఈ 41 రోజులూ తెల్లవారకముందే లేచి, మడిగా వండి, పూజ సామాను సర్దేది ఎక్కువ ఇళ్లలో ఆవిడే. ‘మాతా’ అని పిలిచి, విస్తరి ముందు కూర్చుని ఉప్పు తక్కువైందని విసుక్కుంటే ఆ పిలుపు ఎందుకు? మీ బట్టలు మీరు ఉతుక్కోండి.

ఆఫీసులో మేనేజరును ‘సార్’ అనాలా, ‘స్వామి’ అనాలా?

ఆయన మాలలో లేకపోతే ‘సార్’ అనండి, తప్పేం లేదు. ఆయన కూడా మాలలో ఉంటే ‘స్వామీ’ అనండి, మీటింగులో నలుగురి ముందు ‘సార్’ అన్నా ఆయన ఏమీ అనుకోరు.

‘స్వామీ’ అన్న పరిచయంతో పని చేయించుకోవచ్చా?

వద్దు. పీఠంలో పక్కపక్కన కూర్చున్న స్వామి రేపు మీకు లోను ఇచ్చే ఆఫీసరో, మీ ఫైలు చూసే గుమాస్తానో కావచ్చు. ‘స్వామీ, మనవాళ్లం కదా’ అని అడగడం ఆయన్ని ఇరకాటంలో పెట్టడమే. కులం పేరుతో ‘మనవాడు’ అనుకోవడాన్ని దూరం పెట్టడానికి వచ్చిన మాట ఇది, దీన్నే ఇంకో ‘మనవాడు’గా మార్చకండి. రక్తం కావాల్సివచ్చినా, యాత్రలో జ్వరం వచ్చినా, దారి ఖర్చులకు డబ్బు చాలకపోయినా నిస్సంకోచంగా అడగండి, తోటి స్వామి ఉన్నది అందుకే.

మాల వేసుకున్నానని కొలీగ్స్ ‘ఏంటి స్వామీ, ఇంకెన్నాళ్లు’ అని ఆటపట్టిస్తున్నారు. ఏం చేయాలి?

నవ్వి ‘స్వామి శరణం’ అనండి. వాళ్లు ఏ ఉద్దేశంతో అన్నా, వాళ్ల నోట ఆ పేరే కదా వచ్చింది.

మా ముస్లిం స్నేహితుడు, క్రైస్తవ స్నేహితుడు నన్ను స్వామి అని పిలవొచ్చా?

నిరభ్యంతరంగా. అయ్యప్ప కథలోనే వావరు ఉన్నాడు. ఆయన ముస్లిం, స్వామికి ప్రాణస్నేహితుడు. యాత్ర దారిలోని ఎరుమేలిలో పేటతుళ్ళి అనే నృత్యం ఆడే భక్తులు వావరు మసీదుకు వెళ్లి దండం పెట్టుకుంటారు. సన్నిధానంలో కూడా వావరుకు చోటుంది. భక్తులు ఆయన్ని ‘వావరుస్వామి’ అనే అంటారు. రాత్రి నడ (గుడి తలుపులు) మూసేటప్పుడు వినిపించే ‘హరివరాసనం’ మనందరికీ తెలిసింది ఏసుదాసు గొంతులో, ఆయన పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. ఆలప్పుళ జిల్లా ఆర్తుంకల్ చర్చిలో మాల తీసే భక్తులూ ఉన్నారు. అలాంటి దారిలో నడుస్తూ స్నేహితుడి నోటికి అడ్డు చెప్పేదేముంది?

భవానీ మాల, హనుమాన్ మాల, శివమాల వేసుకున్నవాళ్లను ఏమని పిలవాలి?

విజయవాడ ఇంద్రకీలాద్రికి ఎర్రబట్టలతో వెళ్లే భవానీ దీక్షవారిని, మగవారైనా ఆడవారైనా, ‘భవానీ’ అని పిలవాలి. కొండగట్టుకు వెళ్లే హనుమాన్ దీక్షవారిని, శ్రీశైలం వెళ్లే శివదీక్షవారిని ‘స్వామీ’ అంటే సరిపోతుంది. గోవిందమాలలో ఉన్నవారు ఎదురైతే ‘గోవిందా’ అనండి. సాయిభక్తులైతే ‘సాయిరామ్’. ఏది అనాలో తెలియక మౌనంగా పక్కకు తప్పుకోవడం కంటే ‘స్వామీ’ అని పలకరించడం నయం, ఎవరూ తప్పుపట్టరు.

## పడిపూజ కార్డులు, బ్యానర్లు రాసేటప్పుడు

‘స్వామి’ అని రాయాలా, ‘స్వామీ’ అనా?

పిలిచేటప్పుడు దీర్ఘం: ‘స్వామీ, ఇటు రండి.’ ఆ మనిషి గురించి చెప్పేటప్పుడు హ్రస్వం: ‘స్వామి వచ్చారు.’ బహువచనం ‘స్వాములు’. అందరినీ పిలిచేటప్పుడు ‘స్వాములారా’. కార్డులో ‘స్వాములందరూ భిక్షకు విచ్చేయవలసిందిగా ప్రార్థన’ అని రాస్తే చాలు. ‘స్వామి గార్లకు’ అని రాయకండి, ఆ మాటలోనే గౌరవం ఉంది, ‘గారు’ అతికినట్టు ఉండదు. సంస్కృతంలో స్త్రీలింగం ‘స్వామిని’ ఉంది, అది సన్యాసినులకు వాడతారు. దీక్షలో మాలికాపురం అనే రాయండి.

‘సామి’ అనడం తప్పా? మా అమ్మమ్మ అలాగే అంటుంది.

తప్పు కాదు. పలకడం తేలిక చేసుకున్న రూపం అది. తమిళులు కూడా ‘సామి’ అనే అంటారు. పల్లెల్లో ‘సాములొచ్చారు, దారివ్వండి’ అనే మాటలో ఉన్న భక్తి ఏ బ్యానరులోనూ ఉండదు. అమ్మమ్మను దిద్దకండి.

దేవుణ్ణి ‘నువ్వు’ అంటాం, తోటి స్వామిని ‘మీరు’ అంటాం. ఇదేం లెక్క?

మంచి ప్రశ్న, నేనూ చాలా ఏళ్లు ఆలోచించాను. తెలుగులో దేవుడికి ‘మీరు’ లేదు. ‘నీవే దిక్కు స్వామీ’ అంటాం, అమ్మను ‘నువ్వు’ అన్నట్టు. ఆయన దగ్గర చనువు ఎక్కువ. తోటి మనిషి దగ్గర చనువు ఎక్కువైతే చులకన వస్తుంది. అందుకని అక్కడ ‘మీరు’ కాపలా. చిన్ననాటి స్నేహితులు ఇద్దరూ మాల వేసుకుని ‘మీరు’ అనుకోవడం మొదట్లో కృతకంగా ఉంటుంది. వారం తర్వాత ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తిగా వినడం మొదలుపెడతారు.

## శబరిమల దారిలో

కేరళలో కూడా ‘స్వామి’ అనే అంటారా?

అంటారు. దానితోపాటు మలయాళీలు భక్తుడిని నేరుగా ‘అయ్యప్పన్’ అని కూడా అంటారు. మొదటిసారి వచ్చినవాడు ‘కన్ని అయ్యప్పన్’. భక్తుల గుంపు ‘అయ్యప్పన్మార్’. మనం దేవుడి బిరుదుతో పిలిస్తే వాళ్లు ఏకంగా దేవుడి పేరుతోనే పిలుస్తున్నారన్నమాట. కన్నడిగులకు ‘స్వామి’ దీక్షతో పనిలేని మాట, బజార్లో ఎవరినైనా మర్యాదగా అలా పిలుస్తారు. బెంగళూరులో ఆటోడ్రైవరు ‘స్వామీ’ అంటే మీ మాల చూసే అన్నాడని అనుకోనక్కర్లేదు.

‘స్వామియే శరణమయ్యప్ప’లో ‘స్వామియే’ అంటే ‘స్వామి మాత్రమే’ అనా?

కాదు. తెలుగు ‘రాముడే’, ‘నువ్వే’ అలవాటుతో మనకు అలా వినిపిస్తుంది. మలయాళ, తమిళాల్లో ఎలుగెత్తి పిలిచేటప్పుడు చివర ‘ఏ’ వస్తుంది. ‘స్వామీ! శరణు, అయ్యప్పా!’ అని దాని భావం. మీరు తెలుగు అర్థంతో ‘స్వామే నాకు శరణు’ అనుకుని పలికినా భక్తికి లోటేమీ లేదు.

పోలీసులను, డోలీ మోసేవాళ్లను కూడా స్వామి అనాలా?

అనాలి. సన్నిధానంలో డ్యూటీలో ఉన్న పోలీసులు భక్తులను ‘స్వామీ’ అనే పిలుస్తారు, భక్తులూ వాళ్లను అలాగే పిలుస్తారు. 18 మెట్ల దగ్గర అటూఇటూ నిలబడి, చెయ్యి పట్టి ఒక్కొక్కరినీ పైకి లాగే పోలీసు చేతుల్ని చూస్తే ఆ మాట దానంతటదే వస్తుంది. మీకు ఎక్కాల్సిన మెట్లు పద్దెనిమిదే, వాళ్లు మాత్రం గంటలకొద్దీ అదే పనిలో ఉంటారు. డోలీ మోసేవాళ్లు, టీ ఇచ్చేవాళ్లు, మెట్లు ఊడ్చేవాళ్లు, అందరూ స్వాములే. అర్ధరాత్రి చెంగన్నూరు స్టేషన్లో రైలు దిగి, భాష రాక తికమకపడుతున్నప్పుడు ‘స్వామీ, పంబ బస్సు?’ అన్న ఒక్క మాటతో నలుగురు వచ్చి దారి చూపిస్తారు.

పంబ దగ్గర ‘స్వామీ’ అని పిలిస్తే వందమంది తిరిగి చూస్తున్నారు. మనవాళ్లను ఎలా పిలవాలి?

ఊరి పేరు కలపండి: ‘తెనాలి స్వామీ’, ‘పొన్నూరు స్వామీ’. లేదా మీ గుంపుకు ఒక శరణుఘోష వరస పెట్టుకోండి, గురుస్వామి అందుకోగానే మీవాళ్లు గొంతు కలుపుతారు. ఎవరైనా తప్పిపోతే మాత్రం మొహమాటం వద్దు. మైకులో చెప్పించేటప్పుడు అసలు పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పండి. పిల్లలకైతే చేతికి పేరు, ఫోన్ నంబరు ఉన్న పట్టీ కట్టండి. పేరు పలకకూడదన్న నియమం ఆపదలో వర్తించదు.

కొండ దారిలో శరంగుత్తి దగ్గర కన్నెస్వాములే బాణం ఎందుకు గుచ్చుతారు?

మాలికాపురత్తమ్మ స్వామిని పెళ్లాడమని అడిగితే, కన్నెస్వాములు రాని ఏడు నిన్ను పెళ్లి చేసుకుంటానని ఆయన మాట ఇచ్చాడని కథ. మొదటిసారి వచ్చిన ప్రతివాడూ అక్కడ ఒక శరం గుచ్చుతాడు. ఆ ఏడు కన్నెస్వాములు వచ్చారా లేదా అని చూడ్డానికి అమ్మ ఊరేగింపుగా అక్కడిదాకా వస్తుంది. చూస్తే కొన్ని వేల శరాలు ఒకదాని మీద ఒకటి గుట్టగా ఉంటాయి. అమ్మ వెనక్కి తిరిగి వెళ్తుంది. మొదటి ఏడాది నేను కూడా ఉత్సాహంగా గుచ్చేశాను. మర్నాడు దిగేటప్పుడు మా గురుస్వామి కథ చెప్పాక, మాలికాపురం గుడి ముందు కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను. ‘కన్నెస్వామి’ అన్న సరదా పిలుపులో ఒక అమ్మ నిరీక్షణ కూడా ఉంది.

## మాల తీశాక

మాల తీయగానే ‘స్వామి’ పిలుపు ఆగిపోవాలా?

ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. మాల తీశాక మళ్లీ మీరు సుబ్బారావే, రమేషే. ఇరుముడిలో తీసుకెళ్లిన నెయ్యి అభిషేకానికి పోతుంది, ఖాళీ అయిన కొబ్బరిచిప్ప సన్నిధానం ముందు మండే ఆళి అనే అగ్నిగుండంలో పడుతుంది. నెయ్యి ఆత్మ, చిప్ప దేహం అంటారు పెద్దలు. అంతటి పని చేసి వచ్చాక పిలుపు కోసం పట్టుబట్టడం బాగోదు. తోటివాళ్లు అలవాటుగా ‘స్వామీ’ అంటే పలకండి, అనకపోతే అడగకండి.

మా గురుస్వామిని ఏడాది పొడుగునా ‘గురుస్వామీ’ అనే పిలుస్తున్నాం. ఫర్వాలేదా?

ఫర్వాలేదు. ఊళ్లో చాలామందికి ఆయన అసలు పేరు తెలియను కూడా తెలియదు. ఆ మాట మోస్తున్నంతకాలం ఆయన నడవడి మీద అందరి కళ్లూ ఉంటాయి, అది ఆయనకూ తెలుసు.

ఇంట్లో మరణం వల్ల మధ్యలోనే మాల తీయాల్సి వచ్చింది. నన్ను ఇంక స్వామి అనరా? యాత్ర పోయినట్టేనా?

దగ్గరివారు పోతే మాల తీసేయడం ఆచారం. అది దోషం కాదు, శిక్ష అసలే కాదు. మూడేళ్ల కిందట 29వ రోజున మా తోటి స్వామి ఒకరి తల్లి పోయింది. ఆయన ఏడుస్తూ మాల తీసి పీఠం మీద పెట్టారు. ఆ సాయంత్రం మేమంతా వాళ్లింటి వీధి చివర, మైల తగలని దూరంలో నిలబడి ఉన్నాం. ఆయన బయటికొచ్చి చూసి ‘నన్నిప్పుడు స్వామి అనకండి’ అన్నారు. మా గురుస్వామి ‘సరే తమ్ముడూ, అమ్మ పని చూసుకో. మీ నెయ్యికొబ్బరికాయ మా ఇరుముడిలో వస్తుంది’ అన్నారు. ఆ ఏడు ఆయన పేరున అభిషేకం జరిగింది. మరుసటి కార్తీకంలో ఆయన మళ్లీ మాల వేసుకున్నారు.